ఏడుకొండలవాని సన్నిధికి కాలినడక



ధనుర్మాసము సమీపించుచున్నదనగా మన పాతనగరమున శాలిబండ, లాల్‌దర్వాజ, అలియాబాదు ప్రాంతముల వైష్ణవ గృహములలో ఒక ప్రశ్న వినవచ్చుచుండును: “ఈ యేడు నడచి పోవుదమా?” కొందరికది మ్రొక్కు. కొందరికి పెద్దలనాటినుండి వచ్చుచున్న ఆచారము. మరికొందరికి ప్రక్కింటివారు పోయివచ్చిరి గనుక మనమును పోవలెనను ఉబలాటము. ఏ కారణముననైనను తిరుమలకు పాదచారియై పోవలెనను తలంపు పుట్టుటయే స్వామి యనుగ్రహమునకు గుర్తు. కాని సంకల్పము స్వామి ప్రసాదించినను సంచి సర్దుకొనవలసినది మనమే గదా! ఆ సంచిని గురించి, ఆ త్రోవను గురించి, అన్నిటికంటె ముఖ్యముగా ఆ పాదములను గురించి కొన్ని మాటలు మనవి చేసెదను.

త్రోవ సంగతి ముందు తెలిసికొనుట మేలు. చార్మినారునుండి దక్షిణముగా శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట చేరుదుము. అచ్చట గుట్టమీద చెన్నకేశవస్వామి కొలువైయున్నాడు. కేశవగిరి యని ఆ తావునకు పేరు. నగరము దాటకమునుపే స్వామితో చెప్పుకొని బయలుదేరుట కంతకన్న తగిన చోటు లేదు. ఆరాంఘరు వద్ద పెద్దరోడ్డెక్కి శంషాబాదు, షాద్‌నగరు, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు గడచి బీచుపల్లి వద్ద కృష్ణను, కర్నూలు వద్ద తుంగభద్రను దాటవలెను. కర్నూలులో 44వ సంఖ్య జాతీయ రహదారిని విడిచి నంద్యాల దారి పట్టవలెను. ఆపైన ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప, ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, కోడూరు వరుసగా వచ్చును. తిరుపతి వరకు అంతయు కలిసి సుమారు 560 కిలోమీటర్లు. బస్సులో ఒక రాత్రి నిద్రలో గడచిపోవు దూరమిది. కాలినడకకు మాత్రము, దినమునకు 20 మొదలు 25 కిలోమీటర్లు నడచి, వారమున కొకనాడు విశ్రమించినచో నాలుగు వారములు పట్టును. అంత సెలవు దొరకని ఉద్యోగస్థులు కడప వరకు బస్సులో పోయి అచ్చటనుండి నడచుటయు యాత్రయే. ఆ మిగిలిన దూరము సుమారు 140 కిలోమీటర్లు. ఏడు దినములలో సుఖముగా ముగియును. ఈ చిన్న యాత్రను చులకనగా చూచువారు కొందరు కలరు. కిలోమీటర్ల లెక్క వ్రాసిపెట్టుకొనుటకు స్వామి సన్నిధిలో పద్దుపుస్తక మేమియు లేదని వారికి మనవి.

ఈ దారి కేవలము దారి కాదు. ఆళ్లగడ్డ నుండి ఒక దినపు నడకలో అహోబిలము కలదు. నూట ఎనిమిది దివ్యదేశములలో నొకటియగు ఆ క్షేత్రము ఎంత దుర్గమమో తిరుమంగై ఆళ్వారు పాశురములలోనే చెప్పియున్నారు. దిగువ, ఎగువ అహోబిలములను సేవించి రావచ్చును గాని, దూరయాత్ర నడుమ నవనారసింహ క్షేత్రములన్నియు చూడవలెనని కొండలలోనికి పోవుట తగదని నా యభిప్రాయము. ఆ కొండలకు వేరొక యాత్ర చేయుడు. కాళ్లు పూర్తిగా అరిగిపోయినప్పుడు రాళ్లపై జారిపడుట తేలిక.

దేవుని కడపలో శ్రీలక్ష్మీవేంకటేశ్వరుడు వేంచేసియున్నాడు. తిరుమలకు ఇది తొలిగడప యని ప్రసిద్ధి. ఉగాదినాడు మహమ్మదీయులు ఈ యాలయమునకు వచ్చి, బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా తలచి, స్వామికి కానుకలు సమర్పించుకొందురు. ఇతర ప్రాంతములవారికిది వింతగా తోచవచ్చును. బయలుదేరుచున్న భజనబృందమునకు వీథి మలుపున పొరుగువారగు సాయిబులు మంచినీళ్లిచ్చి సాగనంపుట కన్నులార చూచిన మన పాతనగరవాసులకు ఇందు వింత లేదు. కడప దాటిన పిమ్మట ఒంటిమిట్ట కోదండరాముడు, నందలూరి సౌమ్యనాథస్వామి, రాజంపేట సమీపమున అన్నమాచార్యుల జన్మస్థలమగు తాళ్లపాక. ఇవన్నియు పాదచారికి బాటప్రక్క దొరకు నిధులు.

ఇక కాలము. ఎండకాలమును గురించి చెప్పనక్కరలేదు. రాయలసీమ రోహిణికార్తెలో నడువ దలచువారికి హితము చెప్పుట వ్యర్థము. చాలమంది పొరబడునది వర్షకాలమును గురించి. బ్రహ్మోత్సవములకు అందుకొనవలెనని శ్రావణ భాద్రపదములలో బయలుదేరుదురు. 2009 అక్టోబరు తొలిదినములలో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నీట మునిగినది. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామములు కొట్టుకొనిపోయినవి. ఈ రెండును మన త్రోవమీది చోట్లే. చాతుర్మాస్యములో సన్న్యాసులే ఒక్క తావున నిలిచియుండవలెనని మన పెద్దలు నియమించినారు. గృహస్థుల కాళ్లు యతుల కాళ్లకన్న గట్టివా? వానలు పూర్తిగా వెనుకబట్టిన తరువాత, మార్గశిరము మొదలు మాఘము వరకు నడకకు అనువైన కాలము. తెల్లవారుజామున చలి తప్ప వేరు బాధ యుండదు.

బయలుదేరుటకు రెండు మాసముల ముందునుండియే అభ్యాసము చేయవలెను. మొదట దినమునకు నాలుగైదు కిలోమీటర్లు. పిదప ఆదివారమునాడు పది. ఆ పిదప పదునైదు. చిలుకూరు బాలాజీ సన్నిధికి ఒకమారు నడచి పోవుడు. ఉప్పల్, ఘట్‌కేసర్, భువనగిరి మీదుగా యాదగిరిగుట్టకు మూడు దినములలో నడచి, రెండవనాటి ఉదయము లేచునప్పుడు మీ కాళ్లు ఏమనుచున్నవో వినుడు. దూరయాత్రలో కష్టము మొదటి దినమున తెలియదు, రెండవ మూడవ దినములలో తెలియును. యాత్రలో మోయదలచిన సంచినే అభ్యాసమునను మోయవలెను. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, తువాలు, నీళ్లసీసా, టార్చిలైటు, మందులు, తులసిమాల, ఒక చిన్న సంకీర్తనల పుస్తకము చాలును. తక్కినవన్నియు మూడవనాడు బరువగును. నాలుగవనాడు తోడివారి భుజముమీది కెక్కును.

నడక తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆరంభించి తొమ్మిదిన్నరకు ఆపవలెను. మరల సాయంకాలము నాలుగున్నరకు మొదలిడి దీపములు పెట్టువేళకు బస చేరవలెను. చీకటిలో రహదారిపై నడువరాదు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినను చాలదు. నిద్రమత్తులోనున్న లారీ డ్రైవరుకు మన తిరునామములు కనిపించవు. మన దేశమున వాహనములు ఎడమప్రక్కన పోవును గావున, పాదచారులు కుడిప్రక్కన, ఎదుట వచ్చు బండి కంటబడునట్లు, రోడ్డు అంచు దిగువన, ఒకరి వెనుక నొకరుగా నడువవలెను. తెల్లని లేదా పసుపు బట్ట, సంచి వెనుక మెరయు పట్టీ అతికించుకొనుట, తెల్లవారుజామున ముందొకరు వెనుకనొకరు టార్చి పట్టుకొనుట – ఇవి పిరికితనము కాదు. బృందముగా రోడ్డునిండ వ్యాపించి భజన చేయువారిని చూచినప్పుడు నాకు భక్తికి బదులు భయము కలుగుచుండును. భజన బసలో చేయుడు. దారిలో నామము మనస్సులో చెప్పుకొనుడు. చెవులు రోడ్డుకు అవసరము.

పాదరక్షల విషయమున వాదములు మెండు. వట్టికాళ్లతో నడచిననే మ్రొక్కు తీరునని కొందరి పట్టుదల. ఇందుకు అన్నమాచార్యుల వృత్తాంతమే సమాధానము. తాళ్లపాకనుండి ఇంట చెప్పకయే బయలుదేరిన ఆ బాలుడు పాదరక్షలతోడనే మోకాళ్లమెట్టు వరకు ఎక్కి, ఆకలికి అలసటకు సొమ్మసిల్లి పడియుండగా అలమేలుమంగమ్మ ముదుసలి రూపమున కనిపించి, ఈ కొండ సర్వము సాలగ్రామమయము, చెప్పులు విడువుమని తెలిపి, ప్రసాదము పెట్టినదని ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్రము వలన తెలియుచున్నది. తల్లి విడువుమన్నది కొండమీద. తాళ్లపాకనుండి వచ్చిన అడవిదారి అంతయు ఏల తొడిగితివని ఆమె అడుగలేదు. కావున తారురోడ్డుపై చెప్పులో బూట్లో తొడుగుకొని, అలిపిరి చేరగనే విడుచుట ఉచితము. క్రొత్త చెప్పులు మాత్రము వలదు; రెండు మాసములు తొడిగి అరిగించినవి కావలెను. నూలు మేజోళ్లు ధరించి, వేళ్ల నడుమ కొబ్బరినూనె రాచుకొనవలెను. చురుక్కుమన్నచోట అప్పుడే ఆగి చూడవలెను. గ్రామము వచ్చిన తరువాత చూతమనువారికి బొబ్బ సిద్ధమగును. బొబ్బను చిదుపక, కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టవలెను.

ఇచ్చట ఒక గృహిణి యడిగిన ప్రశ్నను ప్రస్తావింపవలసియున్నది. ఆమె అత్తగారికి అరువది యెనిమిదేండ్లు, పదునైదేండ్లుగా మధుమేహము. మనుమనికి ప్రాణగండము తప్పినచో వట్టికాళ్లతో కొండకు నడచి వచ్చెదనని ఆమె మ్రొక్కుకొన్నది. పిల్లవాడు కోలుకొన్నాడు. అరికాళ్లలో స్పర్శ తగ్గినదనియు, వట్టికాళ్లతో నడచుట ప్రమాదమనియు వైద్యుడు హెచ్చరించినాడు. “మ్రొక్కు తీర్చకున్న స్వామికి కోపము రాదా? తీర్చుటకు పోయి కాలు తీసివేయవలసి వచ్చిన, మేమెట్లు బ్రతుకుదుము?” అని కోడలు కంటతడి పెట్టినది. ఇది ఆ యొక్క యింటి ప్రశ్న కాదు. మధుమేహము లేని ఇల్లు నేడు నగరమున ఎన్ని చోట్ల కలదు?

సమాధానమునకు తిరుమలనంబిగారి చరిత్రము చాలును. రామానుజులవారికి మేనమామయు, రామాయణ రహస్యములు బోధించిన గురువునైన ఆ మహనీయుడు వార్ధక్యమునను ప్రతిదినము పాపవినాశమునకు నడచి పోయి అభిషేకజలమును కుండతో మోసి తెచ్చుచుండెడివాడు. ఒకనాడు స్వామి వేటగాని రూపమున వెంట వచ్చి, దాహమనుచు కుండకు చిల్లుచేసి నీరంతయు త్రాగినాడు. వృద్ధుడు కైంకర్యమునకు భంగము కలిగినదని విలపించెను. అప్పుడా వేటగాడు కొండపై బాణము వేసి సమీపముననే ఆకాశగంగను పుట్టించి, ఇకమీదట ఇచ్చటనుండియే జలము తెమ్మనెను. నేటికిని తిరుమలలో తణ్ణీరముదు ఉత్సవమున ఈ కథను స్మరించుచున్నారు. ఆలోచింపుడు. ఆ వృద్ధుడు నడువలేనని స్వామితో మొరపెట్టుకొనలేదు. దూరము తగ్గించినది స్వామియే. వయసు మళ్లిన భక్తుని నడకను తానై తగ్గించిన ప్రభువు, పుండుపడిన పాదములతో ఒక ముదుసలి ఈడ్చుకొని రావలెనని కోరునా?

మరియొక మాట. ఈ శరీరము మనదని తలచుట వలననే ఈ చిక్కు వచ్చుచున్నది. చేతనాచేతనములన్నియు ఆయనకు శేషభూతములని రామానుజ సిద్ధాంతము. ఆ పాదములు ఆమెవి కావు, స్వామి సొత్తు. యజమాని సొత్తును పాడుచేసి, నీకొరకే పాడుచేసితినని చెప్పు సేవకుని ఏమందుము? కావున ఆ తల్లికి ఇట్లు చెప్పవచ్చును: ముడుపు కట్టుడు. కోడలో కొడుకో దానిని మోసికొని నడచి పోవుదురు. మీరు రైలులో తిరుపతి చేరి, వైద్యుడు తగునన్న పాదరక్షలతో, వైద్యుడు తగునన్నంత దూరము, వారితో కలిసి నడచి స్వామిని సేవింపుడు. మీ నడకలోని కొరతను ఆయన పూరించుకొనును. ఈ మాట విని అత్తగారు మూడు దినములు మాటాడలేదని తరువాత తెలిసినది. నాలుగవనాడు ముడుపునకు పసుపుగుడ్డ ఆమెయే చింపినదట.

మధుమేహము కలిగియు వైద్యుని యనుమతితో నడచువారు ప్రతిసాయంకాలము వెలుతురున అరికాళ్లు చూచుకొనవలెను. తమకు కనబడనిచో తోడివారిచే చూపించుకొనవలెను. నడకవలన చక్కెర తగ్గిపోవచ్చును గావున జేబులో బెల్లమో చక్కెరయో ఉంచుకొనవలెను. మందు మోతాదు విషయము ముందుగానే వైద్యుని అడుగవలెను. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారికిని ఇదియే నియమము.

ఆహారమున ఆడంబరము వలదు. అటుకులు, పేలపిండి, బెల్లము, వేయించిన సెనగలు, అరటిపండ్లు, మజ్జిగ. పగటినడక ముగిసినపిమ్మట అన్నము. చెమట ఎక్కువైనచో, విరేచనములైనచో, లీటరు మంచినీటిలో ఆరు టీచెంచాల చక్కెర, అరటీచెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలిపి త్రాగవలెను. ఏకాదశినాడు నిర్జలోపవాసముతో నడచుట నేనంగీకరింపను. ఆనాడు నడక మానుడు, లేదా ఫలములు జలము స్వీకరింపుడు. స్త్రీలలో అనేకులు దారిలో మరుగు దొరకదని నీళ్లే త్రాగరు. తలతిరిగి పడిపోవునది, మూత్రపు బాధలు తెచ్చుకొనునది అందువలననే. ఇది సిగ్గుపడవలసిన మాట కాదు. బృందనాయకుడు ముందుగా యోచింపవలసిన పని. ఏ పెట్రోలుబంకు వద్ద, ఏ బస్టాండులో, ఏ బడిలో మరుగుదొడ్డి కలదో రెండుమూడు కిలోమీటర్లు ముందుపోవు బండివారు చూచి చెప్పవలెను. ఈ యేర్పాటు లేని బృందముతో మీ ఇంటి ఆడవారిని పంపకుడు.

ఏర్పాటు అనగా ఏమో పండరి వార్కరీలను చూచి నేర్చుకొనవలెను. ఆళందినుండి జ్ఞానేశ్వరుని పాదుకలు, దేహూనుండి తుకారాముని పాదుకలు పల్లకీలలో పండరిపురమునకు సాగునప్పుడు, వేలకొలది జనము దిండీలుగా ఏర్పడి నడచును. ప్రతి దిండీకి వరుసలో స్థానము నిర్ణీతము. వీణ ధరించువాడొకడు, తలపై తులసికోట మోయు స్త్రీలు, సామానుబండి, వంటవారు, ఎవరి పని వారిదే. ఆషాఢమాసపు వానలలోను ఆ సమూహము చెదరదు. మన బృందములలో పదునైదుగురు బయలుదేరి, మూడవనాటికి మూడు ముక్కలై, ఎవరెచ్చట నున్నారో ఫోనులలో వెదకికొనుట చూచుచున్నాము. అందరికంటె మెల్లగా నడచువాని వేగమే బృందము వేగము కావలెను. వానిని వెనుక విడువక, ముందు నడిపించుడు. 108, 112 సంఖ్యలు ప్రతివారికి తెలిసియుండవలెను. కుక్క కరచినచో సబ్బుతో పారునీటిలో పదునైదు నిమిషములు కడిగి, అదేదినమున ఆసుపత్రికి పోయి టీకా తీసికొనవలెను. పాము కరచినచో కోయుట, నోటితో పీల్చుట చేయక, కదలనీయక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. యాత్ర ఆగిపోవునని సందేహింపవలదు.

బసకు గ్రామాలయముల మండపములు, సత్రములు, బడులు దొరకును. బడియైనచో ప్రధానోపాధ్యాయుని, గుడియైనచో అర్చకస్వామిని ముందుగా అడిగి యుండవలెను. పల్లెటూరివారు యాత్రికుని కాదనరు. దానిని అలుసుగా తీసికొనరాదు. చేను గట్టుమీద నడచుచు కంది, వేరుసెనగ పెరుకువారు, బోరుబావి వద్ద బట్టలుతికి బురదచేయువారు, తిన్న ఆకులు, ప్లాస్టిక్ సీసాలు ఆలయప్రాంగణమున విడిచిపోవువారు గోవిందనామము పలికిన నేమి ఫలము? మన తరువాత వచ్చు బృందమునకు తలుపు తెరచునది లేనిది మనము విడిచిపోయిన చోటిని బట్టియే. తెల్లవారి లేచి చిమ్మి, హుండీలో యథాశక్తి వేసి, చెప్పి పోవుడు.

కోడూరు దాటిన పిమ్మట బాలుపల్లి, మామండూరు ప్రాంతమున రహదారి శేషాచలపు అడవిగుండ పోవును. అన్నమయ్య నడచిన దారి యని చెప్పబడు త్రోవ ఆ యడవిలోనిదే. ఉత్సాహముతో తామై అందు ప్రవేశింపరాదు. అది రక్షితారణ్యము, అటవీశాఖవారి అనుమతి కావలెను. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లు. ఇంత దూరము వచ్చితిమి గదా యని ఈ కొద్దిదూరమును నిర్లక్ష్యము చేయరాదు. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో తల్లిదండ్రులకు ముందు నడచుచున్న ఆరేండ్ల బాలిక చిరుతపులి వాతబడినది. ఆ తల్లిదండ్రులును గోవిందనామము చెప్పుచు ఎక్కుచున్నవారే. అటుతరువాత దేవస్థానమువారు పిల్లల విషయమునను, వేళల విషయమునను కట్టుబాట్లు చేసినారు. ఇవి మారుచుండును గనుక అలిపిరి చేరిననాడే విచారించుకొని, బిడ్డల చేయి విడువక, గుంపుగా ఎక్కవలెను. నడచి వచ్చినవారికి వేరొక వరుస తప్పక దొరకునని లెక్కించుకొనవలదు. ఆ యేర్పాటులును పలుమారులు మారినవి. దర్శనపు సంగతి బయలుదేరకమునుపే తెలిసికొని, ఒకటిరెండు దినములు చేతిలో ఉంచుకొనుడు.

తిరుగుప్రయాణము రైలులో. కాచిగూడలో దిగునప్పుడు కాళ్లు వాచియుండును. వారము దినములు మెల్లగా నడచుచుండుడు, ఒక్కసారిగా మంచమెక్కకుడు. కొండనుండి తెచ్చిన లడ్డూ ప్రసాదములో కొంత చుట్టములకు పంచకమునుపే వేరుగా తీసి ఉంచి, బస యిచ్చిన బడులకు, గుడులకు, మజ్జిగ పోసిన ఇండ్లకు చిరునామాలు వ్రాసి పంపుడు. ఆ చిరునామాలు దారిలోనే పుస్తకపు వెనుకపుటలో వ్రాసికొనుట మరువకుడు. ఇంటికి వచ్చిన తరువాత ఊళ్లపేర్లు కలిసిపోవును.